పంపిన డాక్టరుకూ చూసిన డాక్టరుకూ మాటల్లేవ్

బరంపురం నుంచి విశాఖ వచ్చే రైలెక్కినా, రాయచూరు నుంచి కర్నూలు వచ్చే బస్సెక్కినా పెద్దాసుపత్రికి బయల్దేరిన కుటుంబాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. రోగి పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో చుట్టచుట్టిన ఎక్స్‌రే, రక్తపరీక్షల కాగితాలు, ఈసీజీ చీటీ, సగం వాడిన మాత్రల రేకులు, రెండు మూడు మందుల షాపుల బిల్లులు. అన్నీ ఉంటాయి. ఉండనిది ఒక్కటే... ఇక్కడ చూసిన డాక్టరు అక్కడ చూడబోయే డాక్టరుకు రాసిన ఉత్తరం.

జబ్బు ముదిరితే పక్క రాష్ట్రానికి పోవడం సరిహద్దు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వాళ్లకు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి పరాయిది కాదు. 1923లో అది మొదలైనప్పుడు ఆ ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడ్డాక ఆసుపత్రి పక్క రాష్ట్రానిదైంది గానీ జనం దారి మారలేదు. యానాం మనిషికి పాలన పుదుచ్చేరిది, పెద్దాసుపత్రి మాత్రం కాకినాడది. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న జిప్‌మర్ తాలూకు విభాగం ఒకటి యానాంలోనే ప్రారంభం కావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. సిరొంచ వాళ్లు గోదావరి దాటి వరంగల్ వైపు వస్తారు. అలాగని ప్రయాణం ఒకే దిక్కుకు కాదు. ఇచ్ఛాపురం వాళ్లు బరంపురం మెడికల్ కాలేజీకి పోతారు. రాయదుర్గం, గుంతకల్లు వాళ్లు బళ్లారి విమ్స్‌కు పోతారు. చిత్తూరు జిల్లా మొత్తం వెల్లూరు సీఎంసీ వైపు చూస్తుంది.

రోగులు దాటుతున్నారు. వాళ్ల వెంట డాక్టర్ల మాట దాటడం లేదు. సరిహద్దు జిల్లాల్లో వైద్యం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎన్ని పడకలు, ఎన్ని మిషన్లు, ఎంతమంది స్పెషలిస్టులు అన్న లెక్కలే వినిపిస్తాయి. అవి కావాలి, కాదనేవాళ్లు లేరు. కానీ ఉన్న డాక్టర్లు ఒకరికొకరు తెలుసా, ఒకరి రోగి గురించి ఇంకొకరికి కబురు అందుతోందా అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. చాలా సందర్భాల్లో ప్రాణం నిలబడేదీ పోయేదీ అక్కడే.

రూలు ఉంది... 2002 నుంచి

ఇది మర్యాద కోసమో మొహమాటం కోసమో అడిగే పని కాదు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళిలో 3.6 అని ఒక నిబంధన ఉంది. రోగిని స్పెషలిస్టు దగ్గరికి పంపేటప్పుడు కేసు వివరాలు క్లుప్తంగా రాసి ఇవ్వాలి. ఆ స్పెషలిస్టు తన అభిప్రాయాన్ని పంపిన డాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అంటే పోయే ఉత్తరం ఒకటి, తిరిగొచ్చే ఉత్తరం ఒకటి. 2020లో మండలి పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. కమిషన్ 2023లో కొత్త నియమావళి ప్రకటించి, అదే నెలలో పక్కన పెట్టేసింది. కాబట్టి 2002 నాటి మాటే చెల్లుతోంది.

పోయే ఉత్తరం అప్పుడప్పుడూ కనిపిస్తుంది. లెటర్‌హెడ్ మీద 'రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్' అని ఒక్క ముక్క రాసి, తేదీ వేసి, సంతకం గీకేస్తారు. ఏం జబ్బనుకున్నారు, ఏం మందులిచ్చారు, ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు చేశారు అనే సంగతులు అందులో ఉండవు. తిరిగొచ్చే ఉత్తరమైతే పూర్తిగా మాయమైపోయింది. పర్లాకిమిడిలోనో సింధనూరులోనో ప్రాక్టీసు చేసే డాక్టరును అడిగితే తాను పంపిన రోగులు ఏమయ్యారో చెప్పలేరు. నెల తర్వాత రోగి చెల్లెలో బావమరిదో వేరే పని మీద వచ్చినప్పుడు 'ఆయన పోయారు సార్' అంటే తెలుస్తుంది. లేదా 'బాగున్నాడు' అంటే తెలుస్తుంది. తాను అనుకున్న జబ్బు నిజమేనా, పంపడం ఆలస్యమైందా అన్నది తెలియకపోతే ఆ డాక్టరు ఇరవై ఏళ్లు ప్రాక్టీసు చేసినా నేర్చుకునేదేముంటుంది?

వాల్వు మార్పించుకున్న మనిషి

ఉత్తరం రాకపోతే ఏమవుతుందో చూడాలంటే గుండె వాల్వు ఆపరేషన్ అయిన రోగిని మించిన ఉదాహరణ లేదు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల జ్వరంతో మొదలై గుండె వాల్వును పాడుచేసే రుమాటిక్ జబ్బు పేదల ఇళ్లలో ఇప్పటికీ ఉంది. సరిహద్దు జిల్లాల నుంచి ఈ ఆపరేషన్‌కు వెల్లూరు వెళ్లేవాళ్లున్నారు, పుట్టపర్తి వెళ్లేవాళ్లున్నారు, విశాఖ, బెంగళూరు, హైదరాబాద్ వెళ్లేవాళ్లున్నారు. ఆపరేషన్ బాగానే అవుతుంది. అసలు పరీక్ష ఇంటికొచ్చాక.

లోహపు వాల్వు వేసుకున్న మనిషి బతికున్నంత కాలం రక్తం గడ్డకట్టకుండా వార్ఫరినో, అసిట్రోమో రోజూ మింగాలి. మోతాదు తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకట్టి బిగుసుకుపోతుంది, లేదా గడ్డ మెదడుకు ఎక్కి పక్షవాతం వస్తుంది. మోతాదు పెరిగితే ఎక్కడో ఒకచోట రక్తస్రావం. అందుకే పీటీ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. మైట్రల్ వాల్వు మార్చినవాళ్లకు అది మామూలుగా రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలని చెబుతారు. ఇదంతా ఆపరేషన్ చేసిన సర్జన్‌కు తెలుసు. రోజూ కళ్లముందుండే ఊరి డాక్టరుకు ఈ రోగి లెక్క ఎంతో తెలియదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఊళ్లో ఆమెకు విరేచనాలు పట్టుకుంటాయి. మెట్రోనిడజోల్ రాస్తారు. ఎవరైనా రాసేదే. కానీ వార్ఫరిన్ వాడేవాళ్లలో ఆ మాత్ర రక్తాన్ని ఇంకా పలచబరుస్తుంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తారు. కడుపులో రక్తస్రావానికి అదొక దారి. ఆ డాక్టరు అడగకుండా రాయలేదు. 'ఏమ్మా, ఆపరేషన్ ఏమైనా అయిందా?' అని అడుగుతారు. 'అయింది బాబూ, గుండెకి ఏటో పెట్టారన్నారు' అంటుంది. మందులేవి అంటే రేకు చూపిస్తుంది, సగం పేరు చింపేసి ఉంటుంది. డిశ్చార్జి కాగితం ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది, ఎందుకంటే అది పోతే మళ్లీ ఇవ్వరని కొడుకు చెప్పాడు! ఇక్కడ తప్పెవరిది? సర్జన్ తన పని చేశాడు. ఊరి డాక్టరు తన పని చేశాడు. ఆమె భయపడి కాగితం దాచుకుంది. ఇద్దరు డాక్టర్ల మధ్య ఎనిమిది వరుసల ఉత్తరం నడవలేదు, అంతే.

షుగరు రోగుల సంగతి ఇంకా మామూలైపోయింది. ఇక్కడి డాక్టరు గ్లిమిపిరైడ్ ఒక కంపెనీ పేరుతో ఇస్తాడు. బెంగళూరులోనో వెల్లూరులోనో అదే మందు ఇంకో కంపెనీ పేరుతో రాస్తారు. రోగి రెండూ వేసుకుంటాడు, రంగులు వేరు కదా! తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోతే ఇంట్లోవాళ్లు గుండెపోటనుకుని పరుగెడతారు. మందును కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో, చదవగలిగేలా రాయాలని ఆ 2002 నియమావళే చెబుతోంది. పెద్ద అక్షరాల్లో రాస్తే మంచిదని 2016లో చేర్చారు. డాక్టర్ల చేతిరాత మీద జోకులు వేసుకోవడంలో ఉన్న శ్రద్ధ ఈ నిబంధన మీద ఎవరికీ లేదు.

ఎక్కువమంది చూస్తే బాగా చూసినట్టా?

పేరున్న ఆసుపత్రిలో ఐదారుగురు స్పెషలిస్టులు వచ్చి చూశారంటే గొప్ప వైద్యం జరిగిందని కుటుంబం సంతోషపడుతుంది. ఊరికొచ్చి చెప్పుకుంటుంది కూడా. అమెరికాలో 2012లో వెలువడిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని కాస్త కదిలిస్తుంది. మైఖేల్ బార్నెట్ బృందం 528 ఆసుపత్రులకు చెందిన 61 వేలమందికి పైగా డాక్టర్ల లెక్కలు తీసింది. ఎవరి రోగులను ఇంకెవరు చూస్తున్నారో గీతలు కలుపుతూ పోతే వల లాంటిదొకటి తయారైంది. డాక్టర్ల మధ్య ఆ గీతలు మరీ ఎక్కువగా ఉన్న ఆసుపత్రుల్లో ఖర్చు ఎక్కువ, పరీక్షలూ చికిత్సల హడావుడీ ఎక్కువ. మామూలు జబ్బులు చూసే ప్రాథమిక వైద్యుడు వల మధ్యలో ఉన్నచోట ఖర్చు తక్కువగా ఉంది. అమెరికా పద్ధతులు, బీమాలు వేరు. ఆ అంకెలను తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు. ఖర్చు తగ్గినంత మాత్రాన వైద్యం బాగుపడినట్టూ కాదు. అయినా ఇంటిదగ్గరి డాక్టరు వల మధ్యలో ఉండాలన్న మాట మాత్రం సరిహద్దు తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. ఎందుకంటే వాళ్ల విషయంలో వల నుంచి మొట్టమొదట తెగిపోయేది ఆ డాక్టరే.

ఒకే ఆసుపత్రిలో, ఒకే గోడల మధ్య కూడా మాట తెగుతుంది. ఉదయం డ్యూటీ డాక్టరు వెళ్లి రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చే వేళ కేజీహెచ్‌లోనైనా, బరంపురంలోనైనా వార్డుల్లో అదే సందడి. పది మంచాల గురించి నిలబడి నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఈ డ్యూటీ అప్పగింతను పద్ధతి ప్రకారం, రాసుకుని, చదివి వినిపించి చేస్తే ఏమవుతుందని అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వైద్యంలో తప్పులు 23 శాతం తగ్గాయి. నివారించదగిన హాని 30 శాతం తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకు ఇచ్చిన జాబితా కథా అలాంటిదే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని అమలు చేసి చూస్తే మరణాలు నూటికి ఒకటిన్నర నుంచి 0.8కి తగ్గాయని 2009లో తేల్చారు. ఆ జాబితాలో ఒక అంశం చదివితే నవ్వొస్తుంది. కోత పెట్టే ముందు అక్కడున్న డాక్టర్లు, నర్సులు తమ పేరు, తమ పని ఒకరికొకరు చెప్పుకోవాలట! ఒకే బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లకే పరిచయం అవసరమైతే, రెండు వందల కిలోమీటర్ల దూరంలో, రెండు ప్రభుత్వాల కింద పనిచేసే ఇద్దరికి ఎంత అవసరమో వేరే చెప్పాలా?

తమిళనాడు చేసి చూపింది

గుండెపోటు దగ్గరికొస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడిచే ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుంది. పెద్దాసుపత్రికి చేర్చేదాకా ఆగకుండా దగ్గర్లోని చిన్నాసుపత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేసి, ఆ తర్వాత స్టెంటు వేయగలిగిన చోటుకు పంపడం ఒక పద్ధతి. తమిళనాడులో కోయంబత్తూరు కార్డియాలజిస్టు థామస్ అలెగ్జాండర్, ఆయన సహచరులు దీన్ని కాగితం మీద కాక నేల మీద చేసి చూశారు. బండిచక్రం గుర్తుచేసుకుంటే వాళ్లు చేసింది అర్థమవుతుంది. మధ్యలో కుండ లాగా స్టెంటు వేసే పెద్దాసుపత్రి, చుట్టూ ఆకుల లాగా చిన్నాసుపత్రులు. చిన్నాసుపత్రిలో తీసిన ఈసీజీ క్షణాల్లో పెద్దాసుపత్రి డాక్టరు కళ్లముందుంటుంది. ఏం చేయాలో ఇద్దరూ కలిసి నిర్ణయిస్తారు. అంబులెన్సుకూ కబురుంటుంది. 2,420 మంది రోగులను గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిలోపు మరణాలు నూటికి 17.6 నుంచి 14.2కి తగ్గాయి. అంటే గుండెపోటొచ్చిన ప్రతి వందమందిలో అదనంగా ముగ్గురు నలుగురు ఇంటికి చేరారన్నమాట.

ఈ మాట పక్క రాష్ట్రాలకూ పాకింది. నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021లో గుండెపోటుతో చనిపోయాక కర్ణాటక ఆయన పేరుతోనే 2023లో హృదయజ్యోతి పథకం తెచ్చింది. తాలూకా ఆసుపత్రుల్లో ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చి, ఈసీజీని జయదేవ లాంటి పెద్ద సంస్థల డాక్టర్లు చూసే ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2023లోనే ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. మంచిదే. కానీ ఏ రాష్ట్రం చక్రం ఆ రాష్ట్రంలోనే తిరుగుతోంది.

పావగడ తాలూకాను మ్యాపులో చూడండి. తుమకూరు జిల్లాలో ఉంది గానీ మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఇళ్లలో, బజారులో తెలుగే. జిల్లా కేంద్రం తుమకూరు కంటే హిందూపురం ఎంతో దగ్గర. అర్ధరాత్రి గుండెల్లో నొప్పొస్తే ఇంట్లోవాళ్లు రాష్ట్రం చూసుకుని బండెక్కించరు, దగ్గరెక్కడైతే అక్కడికి పరుగెడతారు. పావగడలో తీసిన ఈసీజీ హిందూపురం డాక్టరుకు చేరే దారి పథకంలో రాసిలేదు. 108 బండ్లు కూడా ఏ రాష్ట్రానికా రాష్ట్రం నడుపుకునేవే. ముళబాగిలు, బాగేపల్లి, గుడియాత్తం, జయపురం... ఏ సరిహద్దు ఊరిని తీసుకున్నా చక్రాల అంచులు ఒకదానికొకటి తగలకుండా ఆగిపోతాయి.

గీత ఎంత గట్టిగా అడ్డుపడగలదో 2021 మే నెలలో అందరూ చూశారు. కరోనా రెండో విడతలో కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ పోతున్న అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. అవతలి ఆసుపత్రి బెడ్డు ఇస్తానని, ప్రభుత్వం అనుమతిస్తానని కాగితం ఉంటేనే వదిలారు. హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వును నిలిపేస్తే గానీ దారి తెరుచుకోలేదు. అంతకు ముందు ఏడాది కాసరగోడు రోగులకు మంగళూరు దారిలో తలపాడి దగ్గర ఇదే అనుభవం. పుల్లూరులో అటూ ఇటూ తెలుగే, ఏడేళ్ల కిందటిదాకా ఒకే రాష్ట్రం. అయినా గీత గీతే అయింది.

కార్డులు దాటాయి

న్యాయంగా చెప్పాలంటే కొన్ని దాటాయి. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం, పథకంలో ఉన్న ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనా చేయించుకునే వీలుంది. చాలాకాలం బయటే ఉన్న ఒడిశా 2025లో చేరింది. రాయగడ కుటుంబానికి ఇది చిన్న మార్పు కాదు. 2007లో ఆంధ్రలో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు సరిహద్దు అవతలి తెలుగువాడు దాన్ని దూరం నుంచి చూడడమే తప్ప చేసేదేమీ లేకపోయింది. ఇప్పుడు డబ్బు సంగతి కొంతవరకైనా తేలింది. డబ్బు వెంట సమాచారం పోవడం లేదు. 2021లో డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. రికార్డులన్నీ అందులో ఉంటాయన్నారు. చాలామంది దగ్గర నంబరుంది. ఆసుపత్రి రికార్డు ఎక్కించకపోతే నంబరు ఒక్కటీ ఉండి ఏం లాభం?

కుదురుతుందనడానికి సాక్ష్యాలు లేకపోలేదు. క్షయరోగులకు 2012 నుంచి నిక్షయ్ అనే నమోదు ఉంది. వలస పోయిన కూలీని ఒక రాష్ట్రం జాబితా నుంచి ఇంకో రాష్ట్రం జాబితాకు మార్చి మందులు ఆగకుండా చూడొచ్చు. కళ్ల విషయంలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థది ఇంకా చక్కటి దృష్టాంతం. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఆ సంస్థ పల్లెలో యాభై వేల జనాభాకు ఒక చిన్న కేంద్రం, దాని పైన ఐదు లక్షలమందికి ఒక ఆసుపత్రి, ఆ పైన విశాఖ, భువనేశ్వర్, విజయవాడల్లో పెద్దవి, అన్నిటికీ పైన హైదరాబాద్ అన్న మెట్ల వరుస కట్టింది. రాయగడలోనూ దాని ఆసుపత్రి ఉంది. కింది మెట్టు మీదున్నవాళ్లకు పై మెట్టు మీదున్నవాళ్లు తెలుసు. ఎవరిని ఎక్కడికి పంపాలో వెతుక్కోనక్కర్లేదు. ఒకే సంస్థ కాబట్టి వాళ్లకు సులువు అనొచ్చు. నిజమే. అందుకే వేర్వేరు సంస్థల మధ్య ఆ పని ఎవరో ఒకరు పూనుకుని చేయాల్సి ఉంటుంది.

చెడ్డ వల కూడా ఉంది

డాక్టర్ల మధ్య సంబంధాలు అసలు లేవనడం కూడా అబద్ధమే. కమీషన్ల కోసం అల్లుకున్న వల సరిహద్దుల్ని ఎప్పుడో దాటేసింది. ఫలానా నగరంలో ఫలానా ఆసుపత్రికి పంపితే ఇంత, స్కానింగ్‌కు ఇంత. మహారాష్ట్రలో దీనికి 'కట్ ప్రాక్టీసు' అని పేరే పెట్టేశారు. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 2002 నియమావళి 6.4 కింద తప్పు. అయినా కార్పొరేట్ ఆసుపత్రుల పీఆర్ఓలు చిన్న పట్టణాల్లో మోటారు సైకిళ్ల మీద తిరుగుతూనే ఉన్నారు. విచిత్రమేమిటంటే ఈ వలలో సమాచారం బ్రహ్మాండంగా నడుస్తుంది. రోగి బస్సెక్కక ముందే ఫోను పోతుంది. పేరు, ఊరు, కార్డుందా లేదా, చేతిలో ఎంతుంది... అన్నీ చేరతాయి. జబ్బు వివరం ఒక్కటే చేరదు.

ఈ వలలో ఊరి ఆర్ఎంపీ ప్రస్తావన రాకుండా ఉండదు. ఆయనకు చదువు లేదు, రాయకూడని ఇంజెక్షన్లు రాస్తాడు, కమీషనూ తీసుకుంటాడు. ఈ ఆరోపణల్లో నిజం చాలానే ఉంది. అయితే అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే. ఆటో మాట్లాడేది, ఒక్కోసారి విశాఖ దాకా కూడా వచ్చేది ఆయనే. సర్టిఫికెట్లున్న డాక్టర్లు ఖాళీగా వదిలేసిన చోట ఆయన కూర్చున్నాడు. ఆ జాగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుది. ఆ డాక్టరు చేతిలో పెద్దాసుపత్రి ఫోను నంబరు, ఫోను ఎత్తే మనిషి ఉన్న రోజున జనం దారి వాళ్లంతట వాళ్లే మార్చుకుంటారు.

టైమెక్కడిదంటారు డాక్టర్లు

ఈ మాటెత్తితే డాక్టర్లు చెప్పే జవాబు తెలిసిందే. ఓపీలో వందలమంది నిలబడి ఉంటే ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలా అని. ప్రభుత్వాసుపత్రి ఓపీ చూసినవాళ్లెవరూ ఆ మాటను కొట్టిపారేయరు. డిశ్చార్జి సమ్మరీ రాసేది ఎక్కువగా ముప్పై ఆరు గంటలు నిద్రలేని పీజీ కుర్రాడు. పై ఆసుపత్రి వాళ్లు తమ వైద్యాన్ని తప్పుపడతారేమోనన్న బెరుకు కింది డాక్టరుకు ఉంటుంది. రాస్తే రేపు కోర్టులో చూపిస్తారేమోనన్న భయం ఇంకోటి. 'జిల్లాలో ఏం పాడుచేసి పంపారో' అని రోగి ముందే విసుక్కునే పెద్ద డాక్టర్లు ఆ భయాన్ని పెంచుతున్నారు. ఒక్క విసురు మాటతో ఇద్దరికీ నష్టం. కింది డాక్టరు ఇంకోసారి ఫోను చేయడు, రోగి ఆ డాక్టరును ఇంకోసారి నమ్మడు.

అయితే ఉత్తరం రాయడానికి పట్టే టైము, రాయనందువల్ల పోయే టైముతో పోల్చాలి. వివరం లేకుండా వచ్చిన రోగికి పరీక్షలన్నీ మొదటి నుంచి చేయాలి. నిన్న బరంపురంలో తీసిన స్కానింగ్ ఇవాళ విశాఖలో మళ్లీ. భాష ఇంకో అడ్డు. జబ్బు చరిత్ర ఒడియాలో సగం, తెలుగులో సగం చెబుతుంటే, వెల్లూరులో అయితే తమిళంలోకి ఎవరో మార్చి చెబుతుంటే అరగంట గడిచిపోతుంది. డాక్టరు డాక్టరుకు రాసే నాలుగు ఇంగ్లీషు ముక్కలకు ఆ బాధ లేదు. చదువుకున్నవి ఒకే పుస్తకాలు కదా.

ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందాలు రాసుకునేదాకా ఆగితే నదీజలాల వరుసలో ఇదీ చేరుతుంది. జిల్లా స్థాయిలోనే అయ్యే పని ఇది. ఐఎంఏ శాఖలు రెండు వైపులా ఉన్నాయి. శ్రీకాకుళం, గజపతి, గంజాం జిల్లాల డాక్టర్లు మూడు నెలలకొకసారి ఒకచోట కూర్చుని తామిద్దరూ చూసిన పదిమంది రోగుల గురించి మాట్లాడుకోవడానికి ఏ ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. ఇచ్ఛాపురానికి బరంపురం పాతిక కిలోమీటర్లే. అనంతపురం, బళ్లారి డాక్టర్లకూ, చిత్తూరు, వెల్లూరు డాక్టర్లకూ అంతే. కంపెనీల ఖర్చుతో స్టార్ హోటళ్లలో జరిగే సదస్సులకు వెళ్లే తీరిక దొరుకుతున్నప్పుడు దీనికి దొరకదా? మొహాలు తెలిస్తే ఫోను నంబర్లు వాటంతటవే వస్తాయి. కేజీహెచ్ లాంటి చోట పక్క రాష్ట్రాల నుంచి వచ్చే కేసుల కోసం ఒక డ్యూటీ డాక్టరు, ఒక నంబరు పెడితే సగం పని అయిపోయినట్టే. 2019లో మొదలైన ఈ-సంజీవనిలో డాక్టరు డాక్టరుతో మాట్లాడే సదుపాయం ఉంది. దాన్ని సరిహద్దు జిల్లాల జతలకు వర్తింపజేయమని రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను అడగాల్సింది ఆయా జిల్లాల ప్రజాప్రతినిధులు.

సరిహద్దు అవతలి తెలుగు సంఘాలకూ ఇందులో పని ఉంది. ఉగాది సభలు, సన్మానాలు ఏటా జరుగుతున్నాయి, జరగాలి. వాటితోపాటు పెద్ద జబ్బున్న ప్రతి ఇంటికీ ఒక ఫైలు కొనిచ్చి, మొదటి పేజీలో జబ్బు పేరు, ఆపరేషన్ తేదీ, వాడుతున్న మందుల అసలు పేర్లు, పడని మందులు, ఇంటిదగ్గర చూసే డాక్టరు పేరు, ఫోను నంబరు రాయించే పని సంఘంలో చదువుకున్న కుర్రాళ్లు రెండు ఆదివారాల్లో చేయగలరు. వాల్వు రోగులతో, కిడ్నీ రోగులతో మొదలుపెడితే చాలు. డిశ్చార్జి కాగితాన్ని నాలుగు జిరాక్సులు తీయించి ఒకటి ఊరి డాక్టరు దగ్గర, ఒకటి ఫోనులో ఫొటోగా ఉంచుకోమని చెప్పాలి. అసలుది ఇనప్పెట్టెలోనే ఉండనీ.

కాగితం పోతే మళ్లీ ఇవ్వరన్న భయం మాత్రం అక్కర్లేదు. రోగి గానీ, రోగి తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని నియమావళి 1.3.2 చెబుతోంది. ఆసుపత్రి పక్క రాష్ట్రంలో ఉన్నా ఇదే రూలు. అడిగినట్టు రసీదు తీసుకోవాలి. అడిగేటప్పుడే, తమను పంపిన డాక్టరు పేరు చెప్పి, ఆయనకూ నాలుగు ముక్కలు రాసివ్వమనాలి.